ఓడ మీద విమానం, ఒడ్డున విడిభాగం

(విశాఖపట్నంలో ఒక గ్రంథాలయం ఏర్పాటు చేసిన ఆదివారం సభలో నావికాదళ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టు రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

నన్ను పరిచయం చేసిన మాస్టారు "యుద్ధవిమానాల నిపుణులు" అన్నారు. అంత లేదండి. నేను విమానం నడపలేదు, క్షిపణి పేల్చలేదు. నా ఉద్యోగమంతా స్టోర్స్‌లో, అంటే సామాన్ల గదిలో గడిచింది. పైలట్ కనబడితే పిల్లలు సెల్యూట్ కొడతారు. మేము కనబడితే అందరూ అడిగేది ఒకటే: "సామాను వచ్చిందా?" "వచ్చింది" అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. (నవ్వులు)

ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఎవరైనా వచ్చారా? ఆ, మీరా. మంచిదైంది. మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. మరబోటు వేటకి పోతే పదిహేను, ఇరవై రోజులు సముద్రం మీదే. బయల్దేరే ముందు డ్రైవరు డీజిలు, ఐసు, బియ్యం ఎక్కిస్తాడు. వాటితో పాటు ఒక ఫ్యాను బెల్టు, రెండు ఫిల్టర్లు, పంపు సీళ్లు నాలుగు మూటగట్టుకుంటాడు. క్రాంక్ షాఫ్ట్ మాత్రం పెట్టుకోడు. అది పోదని కాదు. అరుదుగా పోతుంది, బరువెక్కువ, ఖరీదెక్కువ, పోయినా నడిసముద్రంలో విప్పి బిగించలేడు. ఈ నాలుగు లెక్కలు అతను కాగితం మీద వెయ్యడు, ఇరవై ఏళ్లు బోటు చెడిపోతూ చెడిపోతూ అతనికి నేర్పింది. విమానవాహక నౌక మీద మేం చేసే పని కూడా ఇదే. తేడా ఏమిటంటే మా మూటలో వేల రకాలుంటాయి, ఒక్కోదాని ధర మీ బోటంత ఉంటుంది.

ఇవాళ నేను చెప్పదల్చుకున్నది ఆ "ఇరవై ఏళ్లు" అన్న మాట గురించే. విడిభాగాల జాబితా అంటే పాత చెడిపోవడాల చరిత్ర. చరిత్ర లేని విమానానికి జాబితా ఎలా రాస్తారు? మన నావికాదళానికి సరిగ్గా ఆ కష్టమే వచ్చింది. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఓడ మీది విమానం ఎందుకంత తొందరగా అరుగుతుందో చూద్దాం. నేలమీద రన్‌వే మీదకి దిగేటప్పుడు చివర్లో ముక్కు కాస్త ఎత్తి, చక్రాల్ని నెమ్మదిగా ఆనిస్తారు. ఓడ మీద ఆ మర్యాద కుదరదు. దిగే చోటు చిన్నది, అదీ కదులుతూ ఉంటుంది. అందుకని వస్తున్న ఏటవాలులోనే వచ్చి డెక్ మీద కొట్టినట్టు దిగుతారు. తోక కింద ఉన్న కొక్కెం అడ్డంగా పరిచిన ఉక్కు తాడుని పట్టుకుంటుంది. గంటకి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు వేగం వంద మీటర్ల లోపే, రెండు మూడు సెకన్లలో సున్నా అయిపోతుంది. ఆ కుదుపు చక్రాల కాళ్లతో ఆగదు. ఇంజిన్ బిగింపులకి, పైపుల కీళ్లకి, కాక్‌పిట్‌లో డబ్బాల వెనక ఉన్న సన్నని పిన్నులకి, అన్నిటికీ వాటా ఉంటుంది. పైన ఉప్పుగాలి. మన ఇళ్లలో కిటికీ ఊచలు ఎన్నాళ్లకి తుప్పు పడతాయో విశాఖవాళ్లకి నేను చెప్పాలా? ఇక రెక్కలు మడిచే కీళ్లు నేలమీది విమానానికి ఉండవు, దీనికి ఉంటాయి. ఉన్న ప్రతి కీలూ అరిగే కీలే.

ఇక చోటు. నౌక ఎంత పెద్దదైనా హ్యాంగర్‌లో, అంటే డెక్ కింద విమానాలు నిలిపే చోట, విమానాల మధ్య మనిషి పక్కకి తిరిగి నడవాలి. విడి ఇంజిన్లు ఎన్ని పెట్టాలి అన్న ప్రశ్న నిజానికి ఎన్ని విమానాలు తగ్గించాలి అన్న ప్రశ్న. లేదంటే ఒడ్డు నుంచి తెప్పించాలి. అమెరికావాళ్లు దానికోసం ఓడ మీద దిగే రవాణా విమానాలే పెట్టుకున్నారు, సీ-2 గ్రేహౌండ్ అని. కొత్తగా ఎఫ్-35సీ అనే యుద్ధవిమానం వచ్చింది. దాని ఇంజిన్ ప్రధాన భాగాన్ని పెట్టెతో సహా గ్రేహౌండ్‌లోకి ఎక్కించబోతే పట్టలేదు! ప్రపంచంలోకెల్లా ఖరీదైన యుద్ధవిమాన పథకం, ఇంజిన్ చేరేయడానికి బండి లేదు. చివరికి ఆస్ప్రే అని నిలువునా లేచే విమానంలో సీఎంవీ-22బీ రకం తీసుకుని, 2021లో కార్ల్ విన్సన్ నౌకతో మొదటిసారి పంపారు. మన పెద్దలు ఊరికే అనలేదు, ఏనుగుని కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడని.

ఇప్పుడు చిన్న లెక్క. కాలేజీ పిల్లలు ఉన్నారు కాబట్టి చెప్తున్నా, మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఒక పంపు, ప్రయాణానికి సగటున రెండు పోతాయనుకుందాం. రెండు పెట్టుకుంటే చాలు కదా అంటారు ఆడిట్‌వాళ్లు. సగటు రెండంటే ఒకసారి ఒకటీ పోదు, ఒకసారి నాలుగు పోతాయి. రెండే పెట్టుకున్న ఓడకి దాదాపు మూడు ప్రయాణాల్లో ఒకసారి కొరత వస్తుంది. నాలుగు పెట్టుకుంటే ఇరవైలో ఒకసారి. అంటే కొరత రాకూడదంటే, చాలా ప్రయాణాల్లో వాడకుండా వెనక్కి తెచ్చే సామాను కొనాలి. ఆ తెచ్చిన సామానుని చూపించి "అనవసరంగా కొన్నారు" అని రాస్తారు. ఇంకోటి. విమానం ఎగరాలంటే వంద భాగాలు కావాలనుకోండి, ఒక్కోటి నూటికి తొంభైతొమ్మిది సార్లు దొరుకుతుంది. చాలా గొప్ప స్టోర్స్ అనిపిస్తుంది. కానీ వందా ఒకేసారి దొరికే అవకాశం? 0.99ని వందసార్లు హెచ్చవేయండి. నూటికి 37. నా లెక్క నమ్మకపోతే ఫోన్లో వేసి చూసుకోండి.

సామాను లేనప్పుడు ఏం చేస్తారు? మీ ఆర్టీసీ డిపోలో ఏం చేస్తారో అదే. మూల నిలబడ్డ బస్సులోంచి విప్పి, రోడ్డెక్కాల్సిన బస్సుకి బిగిస్తారు. మా దగ్గర దీన్ని క్యానిబలైజేషన్ అంటారు, ఒక విమానం ఇంకో విమానాన్ని తినడం. తినిపించే విమానానికి హ్యాంగర్ క్వీన్ అని పేరు. రాణీగారు కదలరు, ఒంటిమీద నగలన్నీ ఒక్కోటీ పోతుంటాయి. (నవ్వులు) తప్పా అంటే ఆ రాత్రికి తప్పు కాదు. కాకపోతే ఒకసారి విప్పి ఒకసారి బిగించాల్సిన పని రెండు విప్పుళ్లు, రెండు బిగింపులు అవుతుంది. విప్పినప్పుడల్లా ఒక సీలు పాడవుతుంది, ఒక పిన్ను వంగుతుంది. అమెరికా పార్లమెంటుకి లెక్కలు చూసే సంస్థ 2001లో రాసింది: 1996 నుంచి 2000 వరకు వాళ్ల నేవీ, వైమానిక దళం కలిపి ఇలా సుమారు 8,50,000 సార్లు చేశాయి, దానికి అదనంగా పట్టిన పని 53 లక్షల గంటలు. అంత డబ్బున్న దేశంలో.

సరే, మన కథ. మన నౌకల మీద 1983 నుంచి సీ హారియర్లు ఉండేవి. అవి తాడు పట్టుకునేవి కావు, నిలువునా దిగేవి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూడటానికి వెళ్లినవాళ్లు ఆ పక్కనే సీ హారియర్‌ని కూడా చూసే ఉంటారు. దానికి 2016 మే 11న గోవాలో, ఐఎన్ఎస్ హన్సా అనే నావికాదళ విమాన స్థావరంలో వీడ్కోలు చెప్పారు. తయారు చేసిన బ్రిటన్ తన సీ హారియర్లని 2006లోనే మూలన పెట్టేసింది. అంటే చివరి పదేళ్లు ప్రపంచం మొత్తం మీద ఆ విమానాన్ని నడిపింది మనమొక్కళ్లమే. ఒక్క గిరాకీ కోసం ఏ ఫ్యాక్టరీ అయినా లైను నడుపుతుందా? మీ పాత స్కూటర్‌కి కేబులు కోసం తిరిగినవాళ్లకి ఈ బాధ తెలుస్తుంది. బ్రిటన్ తీసేసిన విమానాలు కొన్ని కొందామని మనం చూశాం, రాడారు ఊడదీసి ఇస్తామన్నారు, వదిలేశాం. ఇదే కుటుంబానికి చెందిన మామూలు హారియర్లని 2011లో బ్రిటన్ అమ్మేస్తే అమెరికా మెరైన్ దళం 72 విమానాలు ఒక్కసారిగా ఎత్తుకుపోయింది, ఇంజిన్లు, సామానుతో సహా. ఎగరేయడానికి కాదు, విప్పుకోవడానికి. స్టోర్స్‌వాడిగా చెప్తున్నా, ఆ దళం చేసిన తెలివైన కొనుగోళ్లలో అదొకటి. మనం కూడా అలా చెయ్యాల్సిందా అంటే, డెబ్బైరెండు విమానాల సామాను పెట్టుకోవడానికి మనకి చోటూ లేదు, డబ్బూ లేదు.

తర్వాత మిగ్-29కె. 2004 జనవరిలో రష్యా దగ్గర గోర్షకోవ్ నౌకతో పాటు 16 కొన్నాం. ఆ నౌకే తర్వాత విక్రమాదిత్య అయింది, 2013 నవంబరులో చేతికొచ్చింది. 2010లో ఇంకో 29 విమానాలకి ఒప్పందం. మొత్తం 45. ఇక్కడే ఇందాక అన్న మాట. మిగ్-29కె నమూనా 1989లోనే సోవియట్ నౌక మీద దిగింది. కానీ వాళ్ల నేవీ సుఖోయ్ వైపు మొగ్గింది, ఇది మూలన పడింది. మన డబ్బుతో మళ్లీ లేచింది. రష్యా నేవీ తన కోసం 24 ఆర్డర్ చేసింది 2012లో, మన తర్వాత ఎనిమిదేళ్లకి! అంటే ఈ విమానాన్ని దళంలో పెట్టుకుని రోజూ ఓడ మీద కుదుపులు తినిపించిన అనుభవం మనకన్నా ముందు ఎవరికీ లేదు.

మా భాషలో ఎంఆర్ఎల్ఎస్ అని ఒకటుంటుంది, తయారీదారు సిఫారసు చేసే విడిభాగాల జాబితా. విమానం కొనేటప్పుడు దాన్ని బట్టి మొదటి రెండు మూడేళ్లకి సామాను కొంటాం. పాత విమానం అయితే ఆ జాబితా వెనక లక్షల గంటల చెడిపోవడాలు ఉంటాయి. కొత్త విమానానికైతే? ఎవరో ఇంజినీరు కుర్చీలో కూర్చుని వేసిన అంచనా. మన బోటు డ్రైవరు మొదటిసారి వేటకి పోతూ బెల్టులు పది పెట్టుకుని సీలు మర్చిపోయినట్టు. పెట్టుకున్నది పోదు, పోయేది పెట్టుకోం.

ఫలితం కాగ్ నివేదికలో ఉంది, 2016 జూలైలో పార్లమెంటు ముందు పెట్టారు. అది బహిరంగ పత్రం కాబట్టి నేను ధైర్యంగా చెప్తున్నా. పనికి సిద్ధంగా ఉన్న మిగ్-29కె విమానాల శాతం 15.93 నుంచి 37.63 మధ్య ఊగింది. రెండు సీట్ల రకం 21.30 నుంచి 47.14. దళంలో చేరిన 2010 ఫిబ్రవరి నుంచి చూస్తే 65 ఇంజిన్లలో 40 ఇంజిన్లు, అంటే 62 శాతం, డిజైన్ లోపాల వల్ల వెనక్కి తియ్యాల్సి వచ్చింది. పది సార్లు ఒకే ఇంజిన్ మీద దిగారు. మామూలు మాటల్లో చెప్పాలంటే పది విమానాలు చూపిస్తే రెండో మూడో, మహా అయితే నాలుగో ఎగిరేవి, మిగతావి నేలమీదే ఉండేవి. ఇంజిన్లు మార్చుతూ పోతే విడి ఇంజిన్ల గది ఖాళీ అవ్వక ఏమవుతుంది? డిజైన్ లోపం కాలం గడిచేకొద్దీ స్టోర్స్ లోపంగా బయటపడుతుంది. తిట్లు మాత్రం ముందు స్టోర్స్‌కే. (నవ్వులు)

ఇది రష్యావాళ్ల తప్పా, మన తప్పా అని అడుగుతారు. లోపం ఉన్న ఇంజిన్ ఇవ్వడం వాళ్ల తప్పే. కానీ ఎవరూ వాడని విమానానికి మొదటి గిరాకీగా వెళ్తున్నప్పుడు ధర తగ్గించమని అడగడం కన్నా, మొదటి అయిదేళ్లలో ఏది పోయినా నువ్వే భరించు అని రాయించుకోవడం మేలు. నా అభిప్రాయం ఇది. నాకన్నా పెద్దవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

డబ్బుతోనే అంతా అవదని చెప్పడానికి అమెరికా సంగతి ఇంకొకటి. వాళ్ల నేవీలో సూపర్ హార్నెట్ అనే యుద్ధవిమానాలు అయిదొందల పైమాటే. ఏళ్ల తరబడి ఏ రోజు చూసినా సిద్ధంగా ఉండేవి 250, 260. 2018 సెప్టెంబరులో అప్పటి రక్షణ మంత్రి మ్యాటిస్ ఏడాదిలోగా, దళాలకి కేటాయించిన వాటిలో 80 శాతం సిద్ధం చెయ్యండి అని ఆర్డరేశాడు. 2019 సెప్టెంబరుకి 340 దాటించారు. కొత్త ఫ్యాక్టరీ ఏమీ కట్టలేదు. ప్రయాణికుల విమానాలు నడిపే కంపెనీలవాళ్లని పిలిచి, మీ విమానం నేలమీద ఉంటే రోజుకి ఎంత నష్టమో మీకు తెలుసు, మీరెలా లేపుతారో చెప్పండి అన్నారు. కాలిఫోర్నియాలోని లెమూర్ స్థావరంలో ఒక గది పెట్టి, ఏ విమానం ఏ భాగం కోసం ఆగింది, ఆ భాగం ఎవరి బల్ల మీద ఉంది అని రోజూ అడగడం మొదలుపెట్టారు. సగం సామాను దేశంలోనే ఉందండి! ఒకరి బీరువాలో ఉంది, ఇంకొకరికి తెలీదు. ఈ వాక్యం మాత్రం నా సొంత అనుభవం కలిపి అంటున్నా, వాళ్ల నివేదికలోది కాదు.

ఇప్పుడు అసలు చేదు గుళిక. సామాను ఉంది, డబ్బు ఉంది, జాబితా సరిగ్గా ఉంది. అమ్మేవాడు అమ్మనంటే? అర్జెంటీనా కథ వినండి. ఫ్రాన్స్ దగ్గర 14 సూపర్ ఎతాందార్ విమానాలు ఆర్డరిచ్చారు, నౌక మీద వాడటానికి. 1982లో బ్రిటన్‌తో ఫాక్‌లాండ్స్ యుద్ధం వచ్చేసరికి అయిదు చేరాయి. ఫ్రాన్స్ మిగతావి ఆపేసింది, సామానూ ఆపేసింది. ఏం చేశారు? అయిదింట్లో ఒకదాన్ని పక్కన పెట్టి, దాన్ని విప్పి మిగతా నాలుగింటిని ఎగరేశారు. ఆ నాలుగే బ్రిటన్ నౌకలు రెండిటిని, మే 4న షెఫీల్డ్‌ని, మే 25న అట్లాంటిక్ కన్వేయర్‌ని కొట్టాయి. హ్యాంగర్ క్వీన్‌కి ప్రపంచంలో ఎక్కడైనా పతకం ఇవ్వాలంటే ఆ అయిదోదానికివ్వాలి.

కథ అక్కడ అవ్వలేదు. 2019లో అర్జెంటీనా అదే రకం, ఆధునీకరించినవి, అయిదు మళ్లీ తెచ్చుకుంది. వాటి ఎజెక్షన్ సీట్లు బ్రిటన్‌లో మార్టిన్ బేకర్ చేసినవి. సీటు కింద పైలట్‌ని పైకి విసిరే మందుగుండు గుళికలుంటాయి. వాటికి గడువు ఉంటుంది, మాత్రల సీసా మీద ఉన్నట్టే. గడువు తీరాయి. కొత్తవి బ్రిటన్ ఇవ్వదు, ఫాక్‌లాండ్స్ గొడవ వాళ్లు మర్చిపోలేదు. అరచేతిలో పట్టే గుళిక కోసం అయిదు విమానాలు ఏళ్ల తరబడి నేలమీదే ఉండిపోయాయి. విమానం కొన్నది ఫ్రాన్స్ దగ్గర, ఆగింది బ్రిటన్ దగ్గర. అందుకే నేను కొత్త విమానం గురించి పేపర్లో చదివితే వేగం చూడను. సీటు ఎవరిది, సీళ్లు ఎవరివి అని చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది.

ఇప్పుడు మన రఫేల్-ఎం. 2025 ఏప్రిల్ 28న ఫ్రాన్స్‌తో 26 విమానాలకి సంతకాలయ్యాయి, 22 ఒక సీటువి, 4 రెండు సీట్లవి. స్టోర్స్‌వాడిగా నాకు నచ్చింది అందులో ఉన్న "పనితీరును బట్టి చెల్లింపు" పద్ధతి. పంపుకి ఇంత, సీలుకి ఇంత అని కాకుండా, ఇన్ని విమానాలు సిద్ధంగా ఉంచితే ఇంత అని. అప్పుడు జాబితా తప్పితే నష్టం వాళ్లది. పైగా మన వైమానిక దళానికి 36 రఫేళ్లు ఇదివరకే వచ్చాయి, చెడిపోయిన చరిత్ర ఉంది. ఇది మిగ్ లాంటి మొదటి వేట కాదు.

మరి మన హైదరాబాద్? 2025 జూన్‌లో రఫేల్‌ని తయారుచేసే దసో, మన టాటా కంపెనీలు రఫేల్ ఫ్యూజిలాజ్, అంటే విమానం ఒళ్లు, హైదరాబాద్‌లో చేస్తామని ఒప్పుకున్నాయి. పేపర్లు పండగ చేశాయి. సంతోషమే, ఉద్యోగాలొస్తాయి. కానీ ఒళ్లు రోజూ విరిగేది కాదు. నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆ నవంబరులో జరిగిన శంకుస్థాపన: రఫేల్‌లో ఉండే ఎం88 ఇంజిన్లని బాగుచేసే షాపు, అదీ హైదరాబాద్‌లోనే. పెట్టెలో పెట్టి సముద్రాలు దాటించే ఇంజిన్‌కీ, గోవా నుంచి లారీలో పోయి వచ్చే ఇంజిన్‌కీ నెలల తేడా ఉంటుంది.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, తమ్ముడూ, చెప్పు.

(సభలో ఒకరు: ఇవన్నీ మనమే చేసుకోవచ్చు కదా సార్?)

కొన్ని చేసుకుంటున్నాం. అరకు రైలెక్కి ఇంకా పైకి పోతే కోరాపుట్, అక్కడ మన ప్రభుత్వ విమాన కంపెనీ హెచ్ఏఎల్ మిగ్-29లకి ఆర్‌డీ-33 ఇంజిన్లు చేస్తుంది. 2024 మార్చిలో వైమానిక దళం మిగ్-29ల కోసం దానికి రూ. 5,249.72 కోట్ల ఆర్డరు వచ్చింది. నావికాదళం వాడేది ఎంకే రకం, ఒకే వంశం, అయినా వేరే ఇంజిన్. కష్టం ఎక్కడంటే చిన్న సామాను దగ్గర. 45 విమానాలకి ఏడాదికి కావాల్సిన ఒక రకం సీళ్లు ఓ వంద అనుకో. అచ్చు తయారుచేసి, పరీక్షలు చేసి, ధ్రువీకరణ తెచ్చుకుని, వంద సీళ్లు అమ్ముకునే వ్యాపారి ఎవడు? అతన్ని తప్పు పట్టలేం. చేతికి డ్రాయింగులు ఇవ్వకపోతే ఇంకా కష్టం. కొలతలు తీసి రబ్బరు చెయ్యొచ్చు, ఏ రబ్బరో ఎవడు చెప్తాడు?

(ఒక విద్యార్థిని: తీసేసిన విమానాల సామాను ఏమవుతుందండీ?)

మంచి ప్రశ్న అమ్మా. మామూలుగా అయితే ఎడారిలో పెట్టి, కావాల్సినప్పుడు విప్పుకుంటారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టూసన్ దగ్గర అలాంటి మైదానం ఉంది, వేల విమానాలు. కానీ ఎఫ్-14 టామ్‌క్యాట్ అని వాళ్ల నౌకల మీద ముప్పై ఏళ్లు ఏలిన విమానం ఒకటుంది. ఇరాన్ షా కాలంలో 79 టామ్‌క్యాట్లు ఇరాన్‌కి అమ్మారు. 1979లో విప్లవం వచ్చింది, సామాను ఆపేశారు. ఇరాన్‌వాళ్లు ఒకదాన్ని విప్పి ఒకదానికి పెట్టి, కొన్ని సొంతంగా చేసి, దొంగ దారుల్లో కొన్ని తెప్పించి లాక్కొచ్చారు. అమెరికా నేవీ 2006 సెప్టెంబరులో టామ్‌క్యాట్‌ని తీసేసింది. ఆ తర్వాత లోకంలో దాన్ని ఎగరేసింది ఇరాన్ ఒక్కటే. మిగులు సామాను వేలంలో తిరిగి తిరిగి అక్కడికే చేరుతుందని భయం పట్టుకుంది. 2007 జనవరిలో అమ్మకాలు ఆపేశారు, తర్వాత చట్టమే చేశారు. అంతటితో వదల్లేదు. ఎడారిలో నిలబెట్టిన తమ టామ్‌క్యాట్లని తామే, డబ్బు కట్టి, పెద్ద పెద్ద కోత యంత్రాలు తెప్పించి, రెక్కలు, కాళ్లు, బోల్టులతో సహా తుక్కు తుక్కు చేయించారు.